అమ్మ ల్యాండ్‌లైన్ కట్ చేయిద్దామంటే నన్ను "మీరు" అనడం మొదలుపెట్టింది

ఈ వారం ఉత్తరం చెన్నై నుంచి వచ్చింది. రాసినాయన పేరు వద్దన్నారు. వయసు 48, షోలింగనల్లూరులో కాపురం, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీదే ఐటీ ఉద్యోగం. ఉత్తరం చాలా పెద్దది, నాకు వీలైనంత కుదించి చెప్తున్నా.

వీళ్ళది నెల్లూరు వైపు కుటుంబం. నాన్నగారు రైలు పెట్టెలు చేసే ఐసీఎఫ్ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి మద్రాసు చేరారు, విల్లివాక్కంలో ఇల్లు కట్టుకున్నారు. ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టులో ఉండి ఉండి 1991లో ఆ ఇంటికి ఫోన్ వచ్చింది. 2014లో నాన్నగారు పోయారు. అమ్మగారికి ఇప్పుడు 78, కింద పోర్షన్‌లో ఒక్కరే ఉంటారు, మేడ మీద ఒక తమిళ కుటుంబం అద్దెకుంటోంది. అన్నయ్య హైదరాబాద్‌లో, చెల్లెలు డల్లాస్‌లో. ఫోన్ బిల్లు నెలకి 380 దాకా వస్తుంది, కట్టేది ఈయనే. లైన్ బాగానే పనిచేస్తోంది, దాని మీద కంప్లయింట్ ఏమీ లేదు.

పోయిన సంక్రాంతికి అమ్మగారికి ఒక స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి 84 రోజుల రీఛార్జ్ చేయించారు. ఆవిడ దాన్ని స్విచ్ ఆఫ్ చేసి, కవర్‌లో చుట్టి, బీరువాలో పట్టుచీరల కింద పెట్టారు, ఎందుకమ్మా అంటే ఛార్జింగ్ అయిపోకుండా అన్నారట. ఇది చూసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అన్నయ్య "రెండు ఫోన్లకి డబ్బులు దండగ, ఆ డబ్బా కట్ చేయించెయ్" అని పెట్టారు, చెల్లెలు సరేనని బొటనవేలు గుర్తు పెట్టింది. ఈయన సరెండర్ ఫారం పట్టుకుని వెళ్ళి, అమ్మ ఒప్పుకోదేమోనని, "ప్రభుత్వం వాళ్ళే ల్యాండ్‌లైన్లన్నీ ఆపేస్తున్నారమ్మా, వచ్చే నెల దానంతటదే కట్ అయిపోతుంది, ఇక్కడ సంతకం పెట్టు" అన్నారు. ఆవిడ పెట్టలేదు. ఈయన అటు వెళ్ళగానే లైన్‌మ్యాన్‌కి ఫోన్ చేసి అడిగారు, ఆయన అలాంటిదేం లేదమ్మా అన్నాడు.

ఆ రోజు నుంచి ఆవిడ ఈయన్ని "మీరు" అంటున్నారు. "ఆ, చెప్పండి. భోంచేశారా. పిల్లలు బాగున్నారా. సరే ఉంటానండి." నలభై ఎనిమిదేళ్ళు "ఒరేయ్" అన్న మనిషి. తిట్టినా బాగుండేది మేడమ్ అని రాశారు.

అడిగినవి: ల్యాండ్‌లైన్ తీసేయాలా ఉంచాలా, కనెక్షన్ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది దాన్నేం చేయాలి, పనిలో పని కేబుల్ టీవీ కూడా ఆపేయొచ్చా. ఇంక ఉత్తరం చివర్లో, సంతకం కూడా అయిపోయాక, ఇంకో ముక్క: "మేలో అమ్మ బాత్‌రూంలో జారి పడింది, ముప్పావుగంట అలాగే ఉండిపోయి, తర్వాత హాల్లోకి పాక్కుంటూ వచ్చి మేడ మీదవాళ్ళకి ఫోన్ చేసింది. దేవుడి దయవల్ల ఏమీ విరగలేదు. అందుకే సెల్ ఎప్పుడూ దగ్గరే పెట్టుకోమంటున్నాం, వినదు."

ఇదీ ఉత్తరం.

చూడండి, నేను మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి కింద నుంచి పైకి చదివాను. అసలు విషయం మీరు సంతకం కింద రాశారు. ఆవిడ పాక్కుంటూ ఏ ఫోన్ దగ్గరికి వచ్చారు? బీరువాలో ఉన్నదాని దగ్గరికి కాదు కదా. అది ఎక్కడుందో చీకట్లో కూడా తెలుసు, ఎప్పుడూ అక్కడే ఉంటుంది, పొట్టి స్టూలు మీదో టీపాయ్ మీదో ఉండుంటుంది కాబట్టి నేల మీద నుంచి చెయ్యి అందింది, తీస్తే మోగుతుంది. అది జరిగిన కొన్ని నెలలకే మీరు ఆ ఫోన్ తీసేస్తామని ఫారం పట్టుకెళ్ళారు. ఆవిడ వైపు నుంచి ఒక్కసారి ఆలోచించండి, మీ మీద కోపం 380 రూపాయల గురించి అయ్యుంటుందా?

మీరు చెడ్డ కొడుకు అనడం లేదు, బిల్లు కట్టేది మీరే, వారం వారం షోలింగనల్లూరు నుంచి విల్లివాక్కం దాకా ఆ ట్రాఫిక్‌లో వెళ్ళేదీ మీరేనని ఉత్తరంలోనే తెలుస్తోంది. కానీ నిర్ణయం తీసుకున్న చోట అమ్మగారు లేరు. ఆ గ్రూపులో అన్నయ్య ఉన్నారు, చెల్లెలుంది, మీరున్నారు, బహుశా వదినగారూ మీ ఆవిడా ఉన్నారు. ఎవరి ఇంట్లో ఫోనో ఆవిడ లేరు, ఉండే వీలు కూడా లేదు ఎందుకంటే ఆ గ్రూపు చూడాల్సిన ఫోన్ చీరల కింద ఉంది.

ఇంక ఆ అబద్ధం. దాని గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఏమనుకోకండి. "మీ ఫోన్ కట్ అయిపోతుంది, ప్రభుత్వమే ఆపేస్తోంది" అనే మాట ఇప్పుడు ఎవరు ఎక్కువ వాడుతున్నారో తెలుసా? మోసగాళ్ళు. "మేం ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ నంబర్ ఆగిపోతుంది, వివరాలకి 9 నొక్కండి" అని రికార్డు కాల్ వస్తుంది (ట్రాయ్ అంటే ఫోన్ కంపెనీలని అదుపులో ఉంచే ప్రభుత్వ సంస్థ), నొక్కితే ఎవడో పోలీసు గొంతుతో లైన్‌లోకి వస్తాడు, అక్కడి నుంచి డిజిటల్ అరెస్ట్ దాకా, అంటే వీడియో కాల్‌లోనే అరెస్ట్ చేశామని బెదిరించి డబ్బు గుంజేదాకా, పోతుంది వ్యవహారం. అలా ఫోన్ కట్ చేస్తామని మేం ఎవరికీ కాల్ చేయం అని ట్రాయ్ వాళ్ళే బహిరంగంగా చెప్పారు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళని మనం దేని గురించి హెచ్చరించాలో సరిగ్గా అదే మాట మీరు మీ నోటితో ఆవిడకి చెప్పారు. ఆవిడ గట్టి మనిషి కాబట్టి లైన్‌మ్యాన్‌ని కనుక్కున్నారు. నిజంగా మెచ్చుకోవాల్సిన పని అది. అలా కనుక్కోవడం మంచిదమ్మా, ఎవరు ఫోన్ చేసి బెదిరించినా ఇలాగే చెయ్యి అని మీరు అనుండాల్సింది, పట్టుబడ్డానని ముడుచుకుపోయే బదులు. ఇప్పటికైనా అనొచ్చు. 1930 అన్న నంబర్ కూడా పెద్ద అక్షరాలతో రాసి ఆ ఫోన్ పక్కన అంటించండి, సైబర్ మోసాలకి అదే హెల్ప్‌లైన్.

సరే, ఫోన్ సంగతికి వద్దాం.

ముందు స్మార్ట్‌ఫోన్ ఎందుకు బీరువాలోకి పోయిందో చూడండి. మొండితనం అని మీరు రాశారు. ఒక రోజు పక్కన కూర్చుని ఆవిడ చేత కాల్ ఎత్తించి చూడండి. వయసు మళ్ళాక వేలి చివర చర్మం పొడిబారిపోతుంది, టచ్ స్క్రీన్‌కి ఆ వేలు ఒక్కోసారి తెలియనే తెలియదు. పైగా చెయ్యి కాస్త వణికితే పచ్చ బటన్ పైకి జరపబోయి ఎర్రది జరుపుతారు. నేను మా పెద్దమ్మ దగ్గర కళ్ళారా చూశాను, మూడుసార్లు వేలు నాలికకి తడి చేసుకుని జరిపింది, నాలుగోసారి కట్ అయిపోయింది, ఫోన్ చేసింది మనవరాలు, "అమ్మమ్మ నా కాల్ కట్ చేసింది" అని అలిగింది. తర్వాత ఆ ఫోన్ ముట్టుకోలేదు మా పెద్దమ్మ. మోగితే ఎత్తలేనేమో అని భయం, అది చెప్పుకోవడానికి నామోషీ. మీ అమ్మగారిదీ అదేనేమో నాకు తెలీదు, మీరు చూసి తెలుసుకోవాల్సిందే.

రెండోది, ఆ ల్యాండ్‌లైన్ ఎవరెవరి కోసం మోగుతోంది? మీరు ఒక మాట రాశారు, రోజూ సాయంత్రం ఏడింటికి నెల్లూరు పిన్ని ఫోన్ చేస్తారని. ఇంకా ఎవరెవరున్నారో? మీ నాన్నగారితో ఐసీఎఫ్‌లో పనిచేసినవాళ్ళ ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు, గుళ్ళో పరిచయాలు, ఊళ్ళో పొలం కౌలుకి చేసేవాళ్ళు... వీళ్ళలో చాలామంది దగ్గర ఆ ఎనిమిదంకెల నంబర్ తప్ప ఇంకోటి ఉండదు, డైరీలో రాసుకుని ఉంటారు. మీరు గోడ మీద నంబర్ల గురించి కూడా రాశారు, క్యాలెండర్ పక్కన పెన్సిల్‌తో రాసినవి, 2021లో ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి చేయాలంటే ముందు సున్నా కొట్టాలని రూల్ వచ్చినప్పుడు ఆవిడ ప్రతి సెల్ నంబర్ ముందూ ఎర్ర స్కెచ్‌తో సున్నా చుట్టారని. మీరు నవ్వుతాలుగా రాశారు కానీ నాకు నవ్వు రాలేదు. మార్పు అంటే పడని మనిషి అలా సున్నాలు చుట్టుకుంటూ కూర్చోదు. ఎందుకు మారాలో చెప్తే మారతారు ఆవిడ.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెప్తాను, దేని బాగోగులు దానివి, ఎంచుకోవాల్సింది మీరు కాదు, మీరూ ఆవిడా కలిసి.

ఉన్నది ఉన్నట్టు ఉంచేయడం. ఏడాదికి 4560 రూపాయలు. ముగ్గురు పిల్లలు పంచుకుంటే తలా 1520. డబ్బులు దండగ అన్న అన్నయ్యగారికి ఈ లెక్క చెప్పండి, గ్రూపులోనే చెప్పండి. పాత రాగి తీగ లైనే అయితే దానికో గొప్ప గుణం ఉంది, ఇప్పటి పిల్లలకి తెలియదు: ఆ ఫోన్‌కి కరెంటు మన ఇంట్లోంచి కాదు, ఎక్స్ఛేంజ్ నుంచి తీగలోనే వస్తుంది, నలభై ఎనిమిది వోల్టులు, అక్కడ బ్యాటరీలుంటాయి. అందుకే ఇంట్లో కరెంటు పోయినా అది మోగుతుంది. చెన్నైలో ఉన్నవాళ్ళకి దీని విలువ వేరే చెప్పాలా, 2015 డిసెంబర్ వరద, మళ్ళీ ఏడాదికి వర్దా తుఫాను, 2023లో మిచాంగ్. మిచాంగ్ అప్పుడు చాలా చోట్ల రెండు మూడు రోజులు కరెంటు లేదు, సెల్ టవర్లు పడుకున్నాయి, ఛార్జింగ్ లేదు. తీగ నీళ్ళలో మునిగితే అదీ పోతుందనుకోండి, గ్యారంటీ ఏం లేదు, కానీ ఉన్న రెండు దారుల్లో ఒకటి మిగలొచ్చు. ఉంచేట్టయితే ఇంకో పని చేయండి, బెడ్‌రూంలోకి ఒక పారలల్ ఫోన్ (అదే లైన్ మీద నడిచే ఇంకో సెట్టు) లాగించండి, మంచం పక్కన కింద ఎత్తులో. కార్డ్‌లెస్ కొనకండి, దాని స్టాండుకి ఇంటి కరెంటు కావాలి, కరెంటు పోతే అది బొమ్మ. మామూలు తీగ ఫోన్ చాలు, 108 దాన్నుంచే కొట్టొచ్చు.

దీంట్లో ఇబ్బంది ఏంటంటే రాగి లైన్లు ఎల్లకాలం ఉండవు. బీఎస్ఎన్ఎల్ వాళ్ళు చాలా చోట్ల పాత తీగ కస్టమర్లని ఫైబర్‌లోకి మారుస్తున్నారు. మీ వీధికి ఇంకా రాకపోయినా ఏదో ఒకరోజు వస్తుంది. కాబట్టి మీరు చెప్పిన అబద్ధంలో ఒక ముప్పావలా నిజం ఉంది, అదే చిక్కు, నిజాన్ని నిజంగా చెప్తే సరిపోయేదాన్ని బెదిరింపులా చెప్పారు.

కాబట్టి రెండో దారి, మీరే ముందుగా ఫైబర్‌కి మార్చడం. సాధారణంగా పాత నంబరే ఉంచుతారు, అడిగి రూఢి చేసుకున్నాకే సరే అనండి. అదే ఫోన్ సెట్టు, అదే స్టూలు, అదే నంబరు, పిన్నిగారికి తేడానే తెలియదు. పైగా వైఫై వస్తుంది, డల్లాస్ పిల్లలు టీవీలో కనబడతారు, మీరు వెళ్ళినప్పుడు ఆఫీసు కాల్ కోసం మేడ మెట్ల మీద నిలబడక్కర్లేదు. బిల్లు కొంచెం పెరగొచ్చు. అసలు తేడా మాత్రం కరెంటు దగ్గర. గోడకి పెట్టే ఆ ఫైబర్ పెట్టె ఇంటి కరెంటు మీద నడుస్తుంది, కరెంటు పోతే ఫోనూ పోతుంది. దానికి చిన్న రూటర్ యూపీఎస్‌లు దొరుకుతాయి, ఒకటి రెండు వేలలో, కొన్ని గంటలు లాగుతుంది. అది పెట్టకుండా ఫైబర్ వేయించకండి, ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ లైన్ మీదకి ఇప్పించండి. ఇంకోటి, పనమ్మాయి చీపురు తగిలి ఆ ప్లగ్గు ఊడిపోతే ఏం చూడాలో, ఏ లైటు వెలగాలో అమ్మగారికి చూపించాలి. చూపిస్తే గుర్తుపెట్టుకుంటారు, సున్నాలు చుట్టిన మనిషి కదా.

మూడోది, మీరనుకున్నట్టే తీసేయడం. తప్పని నేననను, కొన్ని ఇళ్ళలో అదే సరైన పని. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, సెల్ నంబర్లా ల్యాండ్‌లైన్ నంబర్‌ని ఇంకో కంపెనీకి తీసుకెళ్ళే వీలు మన దేశంలో లేదు. సరెండర్ చేశాక మళ్ళీ అదే కావాలంటే దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. కాబట్టి తీసేసేట్టయితే ముందు కొత్తది అలవాటవ్వాలి, తర్వాతే పాతది వెళ్ళాలి. సిమ్ కార్డు వేసుకునే డెస్క్ ఫోన్లు ఉన్నాయి, చూడటానికి ల్యాండ్‌లైన్‌లాగే ఉంటాయి, రిసీవర్ ఎత్తి మాట్లాడటమే, 4జీది చూసి తీసుకోండి, పాత 2జీ సెట్టులో కొన్ని సిమ్‌లు పనిచేయవు. లేదా పెద్ద బటన్ల కీప్యాడ్ ఫోన్, వెనకాల ఎస్ఓఎస్ బటన్ (ఆపదలో నొక్కేది) ఉన్నది, దాంట్లో మీ నంబరూ మేడ మీదవాళ్ళదీ ఫీడ్ చేసి, మెడలో తాడుతో వేసుకునేట్టు. మూడు నాలుగు నెలలు రెండూ పక్కపక్కన నడవనీండి. పిన్నిగారు కొత్త నంబర్‌కి చేయడం మొదలుపెట్టాక, డైరీల్లో నంబర్లు మారాక, ఆవిడే "ఇంక అదెందుకురా" అంటే అప్పుడు తీయించండి. అనకపోతే ఉంచండి.

నిజానికి పడిపోవడం గురించి భయం ఉంటే రెండూ కావాలి. బాత్‌రూంలో జారినప్పుడు హాల్లో ఉన్న ల్యాండ్‌లైన్ ముప్పావుగంట దూరం అయింది, మెడలో బటన్ ఉండుంటే ఒక నిమిషం. అన్నయ్యగారి మాటలో ఉన్న న్యాయం అదొక్కటే, సెల్ కావాల్సిందే. పింఛను బ్యాంకు ఓటీపీలకీ అదే కావాలి, ఓటీపీ మెసేజ్ ల్యాండ్‌లైన్‌కి రాదు. ఇది కావాలి కాబట్టి అది వద్దు అనడం ఎందుకు మరి, 127 రూపాయలు నెలకి తలా. అన్నట్టు బాత్‌రూంలో గోడకి పట్టుకునే కడ్డీ పెట్టించారా? మీరు రాయలేదు. ఫోన్ గొడవ కన్నా ముందు అది, ఈ ఆదివారమే.

పేరు సంగతి. కనెక్షన్ నాన్నగారి పేరు మీద ఉంది కాబట్టి అమ్మగారి సంతకం ఒక్కదానితో అయ్యే పని కాదు మీది. ఉంచినా, ఫైబర్‌కి మార్చినా, తీసేసినా ముందు ఆవిడ పేరు మీదకి మార్పించడం మంచిది. నాన్నగారి డెత్ సర్టిఫికేట్, తహసీల్దార్ ఇచ్చే వారసుల సర్టిఫికేట్, మీ ముగ్గురు పిల్లల నుంచి అభ్యంతరం లేదన్న కాగితం, ఆవిడ ఆధార్ ఇలాంటివి అడుగుతారు. పింఛను కోసమో ఇంటి పన్ను కోసమో 2014లోనే వారసుల సర్టిఫికేట్ తీసుకునే ఉంటారు, బీరువాలోనే ఉంటుంది చూడండి, ఆ సెల్ ఫోన్ పక్కనే! చెల్లెలి సంతకం అమెరికా నుంచి రావాలి కాబట్టి టైం పడుతుంది. దీంతో ఒక లాభం కూడా ఉంది, ల్యాండ్‌లైన్ బిల్లు చాలా చోట్ల అడ్రస్ ప్రూఫ్ కింద చెల్లుతుంది, కానీ నాన్నగారి పేరుతో ఉన్న బిల్లు ఆవిడకెందుకూ పనికిరాదు.

ఒకవేళ తీసేసేట్టయితే మాత్రం బాకీ లేకుండా బిల్లు కట్టి, కంపెనీ సెట్టు ఏదైనా ఉంటే తిరిగిచ్చి, అప్లికేషన్ జిరాక్స్ మీద స్టాంపు వేయించుకోండి. పాత డిపాజిట్ ఉంటుంది, ఫైనల్ బిల్లు పోను మిగిలింది వెనక్కివ్వాలి. నేను మా ఇంటిది సరెండర్ చేసినప్పుడు స్టాంపు అడగలేదు, కౌంటర్‌లో ఆయన మంచాయన, నవ్వుతూ తీసుకున్నాడు, ఆయన రిటైరైపోయాడు, నా కాగితం కనబడలేదు, ఆరు నెలలు తిరిగాను. ఏ కంపెనీ అని అడక్కండి, బద్ధకం నాదే. ఇంకోటి, అమ్మగారు చెల్లెలి దగ్గరికి డల్లాస్ వెళ్ళి కొన్ని నెలలుంటారనుకోండి, అప్పుడు కట్ చేయించక్కర్లేదు, బీఎస్ఎన్ఎల్‌లో సేఫ్ కస్టడీ అని ఉంది, లైన్ తాత్కాలికంగా ఆపి నంబర్ మీ పేరునే దాచి ఉంచుతారు, తిరిగొచ్చాక మళ్ళీ తెరిపించుకోవచ్చు.

ఇప్పుడు వెంటనే ఏం చేయాలంటే, నేనైతే ఫారం జేబులో పెట్టుకోకుండా ఒక సాయంత్రం వెళ్ళి ఏడింటి దాకా అక్కడే కూర్చుంటాను. పిన్ని ఫోన్ వస్తుంది కదా, ఎత్తి నేను కూడా రెండు మాటలు మాట్లాడతాను. తర్వాత, "ప్రభుత్వం ఆపేస్తోందని అబద్ధం చెప్పానమ్మా, తప్పయింది" అంటాను. ఎందుకు చెప్పానో వివరణలు, అన్నయ్య అన్నాడనీ అవీ ఏమీ లేకుండా. ఆ తర్వాత రాగి తీగ సంగతీ ఫైబర్ సంగతీ ఉన్నదున్నట్టు చెప్పి, నీకేది కావాలో చెప్పు అని అడుగుతాను. ఆవిడ ఆ పూటే ఏమీ చెప్పకపోవచ్చు. "మీ ఇష్టం అండీ" అని ఇంకో పోటు కూడా పొడవచ్చు, పడండి. అన్నయ్యకీ చెల్లెలికీ మాత్రం గ్రూపులో మెసేజ్ పెట్టకుండా ఆవిడ ముందే స్పీకర్‌లో ఫోన్ చేయండి, ఆ ల్యాండ్‌లైన్‌కి స్పీకర్ లేకపోతే మీ సెల్‌లోంచి.

కేబుల్ గురించి అడిగారు. పూర్తిగా ఆపక్కర్లేదు, 2019 నుంచి ఛానళ్ళు విడివిడిగా ఎంచుకునే వీలుంది కదా, ఆవిడ చూసే తెలుగు ఛానళ్ళూ భక్తి ఛానళ్ళూ రాసుకుని, చూడని తమిళం ప్యాక్, స్పోర్ట్స్, ఇంగ్లీషువి తీసేయించండి, బిల్లు దానంతటదే తగ్గుతుంది. తమిళం ప్యాక్ తీసేముందు కూడా అడగండి సుమా, అరవై ఏళ్ళు ఆ ఊళ్ళో ఉన్న మనిషి, సీరియళ్ళు ఏ భాషవి చూస్తున్నారో మీకు తెలీకపోవచ్చు. అసలు ఈ ఏడాది కేబుల్ జోలికి వెళ్ళకపోతేనే మంచిది, ఒక గొడవ తేలనివ్వండి ముందు.